అముర్ డేగల మ్యాప్‌లో ఆ గీత నిజంగా పక్షి ఎగిరిన దారేనా?

#1 తూనీగ
నవంబరు వచ్చిందంటే అముర్ డేగల మ్యాపులు వాట్సాప్‌లో తిరగడం మొదలవుతుంది. నాగాలాండ్‌లో బయల్దేరిన గీత బంగాళాఖాతం దాటి మన తీరం మీదికొచ్చి, దక్కను మీదుగా అరేబియా సముద్రంలోకి దిగి, స్కేలు పెట్టి గీసినట్టు సోమాలియా చేరుతుంది. పట్టుమని 150 గ్రాములు తూగే పిట్ట అంత తిన్నగా పోతుందా? అసలు దాన్ని ఎలా పడతారు, దారి చెప్పే ఆ ట్యాగు యంత్రం ఎలా కడతారు, కట్టిన వాటిలో కొన్ని మధ్యలోనే ఎందుకు మూగబోతాయి? పని తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. వికీపీడియా లింకులు వద్దు, చదివేశాను.

#2 వలకన్ను
గీతతోనే మొదలుపెడదామండి. పక్షి నుంచి వచ్చేవి చుక్కలే. గీత మ్యాపు వేసినవాళ్లు కలిపింది.

2013 నవంబరులో వోఖా జిల్లా పాంగ్తి ఊరి దగ్గర, దోయాంగ్ జలాశయం ఒడ్డున, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ వాళ్లు హంగరీ నిపుణులతో కలిసి మూడు డేగలకు ట్యాగులు కట్టారు. వాటికి నాగా, వోఖా, పాంగ్తి అని పేర్లు పెట్టారు. అంతకు ముందు ఏడాది అదే చోట వేల డేగల్ని వలల్లో పట్టి చంపిన సంగతి బయటపడి గొడవైంది. ఆ తర్వాతే ఊరివాళ్లు వేట మానేశారు, ట్యాగింగ్‌లోనూ చెయ్యి వేశారు.

కట్టినవి 5 గ్రాముల సోలార్ ట్యాగులు. అంత చిన్న డబ్బాలో పట్టే బ్యాటరీ ఎంత? అందుకే ఈ తరహా ట్యాగు మామూలుగా 10 గంటలు సిగ్నల్ పంపి, తర్వాత 24 గంటలో 48 గంటలో నోరు మూసుకుని ఎండలో చార్జి అవుతుంది. ఇప్పుడు లెక్క చూడండి. నాగా ఆగకుండా 5 రోజుల 10 గంటల్లో దాదాపు 5,600 కిలోమీటర్లు ఎగిరింది, అంటే గంటకు సగటున 43 కిలోమీటర్లు. 48 గంటల మౌనం అంటే 2,000 కిలోమీటర్ల పైచిలుకు ఖాళీ. సముద్రం మీద మీకు కనిపించే తిన్నని గీతలో చాలా భాగం ఈ ఖాళీయే. ఆ మధ్యలో గాలివాటున పక్కకు పోయిందా, వంపు తిరిగిందా అన్నది చుక్కలు చెప్పవు.

మొత్తమ్మీద దిశ మాత్రం నమ్మొచ్చు. ఆ రోజుల్లో ఈశాన్య గాలి వెనక నుంచి తోస్తుంది. దాన్ని వాడుకోకుండా ఆ బరువుతో ఆ దూరం కుదరదు.

#3 యాగీ
వలకన్ను గారు చెప్పినదానికి ఇంకో పొర ఉంది. ఆ చుక్కలన్నీ ఒకే నాణ్యతవి కావు.

అముర్ డేగకు కట్టిన ట్యాగులో జీపీఎస్ లేదు. అప్పట్లో జీపీఎస్ ఉన్న సోలార్ ట్యాగులు 20 గ్రాముల దాకా ఉండేవి. 5 గ్రాములది 401.65 మెగాహెర్ట్జ్ దగ్గర నిమిషానికోసారి ఒక చిన్న కూత వేస్తుంది, అంతే. దాదాపు 850 కిలోమీటర్ల ఎత్తున ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాల్లోని ఆర్గోస్ పరికరం ఆ కూతను వింటుంది. ఉపగ్రహం దగ్గరికొస్తుంటే పౌనఃపున్యం పెరిగినట్టు, దూరమవుతుంటే తగ్గినట్టు వినిపిస్తుంది. స్టేషన్‌లో ఆగని రైలు కూత లాంటిదే. ఆ మార్పు వంపును బట్టి ట్యాగు ఎక్కడుందో లెక్క కడతారు.

ఒక ఉపగ్రహం నెత్తి మీదుగా పోయేది సగటున పది నిమిషాలే. ఆలోపు నాలుగు కూతలు అందితే స్థానానికి గ్రేడు ఇస్తారు: 3 అంటే 250 మీటర్ల లోపు తప్పు, 2 అంటే 250 నుంచి 500, 1 అంటే 500 నుంచి 1,500, సున్నా అంటే 1,500 పైన. మూడే అందితే ఎ, రెండే అందితే బి. ఈ రెండింటికీ తప్పు ఎంతో చెప్పరు. ఎగిరే డేగ నుంచి వచ్చేవాటిలో ఎ, బి చుక్కలే ఎక్కువ. వాటిని పట్టుకుని ‘ఫలానా చెరువు మీద ఆగింది’ అని రాసే పోస్టులు చూస్తే నవ్వొస్తుంది.

ఇంకో చిక్కు. ఈ లెక్కకు ఎప్పుడూ రెండు జవాబులొస్తాయి, ఉపగ్రహం దారికి అటొకటి ఇటొకటి, అద్దంలో బొమ్మలా. సాఫ్ట్‌వేర్ తప్పుదాన్ని ఎంచితే కర్నూలులో ఉన్న డేగ ఒక్క గంట పాటు సముద్రంలో తేలుతుంది. అందుకే ముందు వేగం, మలుపు కోణం చూసి వడపోస్తారు. జంతువుల ట్యాగు డేటా దాచే మూవ్‌బ్యాంక్ వెబ్‌సైటులో ఉన్న డగ్లస్ ఆర్గోస్ ఫిల్టర్ ఈ పనికే. వేగం హద్దు మరీ తక్కువ పెడితే, వెనక గాలితో నిజంగా దూసుకుపోయిన చుక్కలు కూడా చెత్తబుట్టలో పడతాయి. సముద్రం మీద ఒక హద్దు, నేల మీద ఒక హద్దు పెట్టుకోవడం మేలు.

#4 తూనీగ
చాలా బాగుంది, ఇద్దరికీ థాంక్స్. మరి 5 గ్రాములే ఎందుకు? పది గ్రాములది కడితే బ్యాటరీ ఎక్కువ ఉంటుంది కదా?

#5 వలకన్ను
కట్టకూడదు. మొత్తం బరువు పక్షి బరువులో 3 శాతం దాటకూడదన్నది వాడుకలో ఉన్న నియమం. 5 శాతం పాత పరిమితి, ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు. 150 గ్రాముల డేగకు 3 శాతం అంటే నాలుగున్నర గ్రాములే. 5 గ్రాముల ట్యాగు, పట్టీ, దారం, జిగురు కలిపితే హద్దు ఇప్పటికే దాటింది. కాబట్టి వలలో పడ్డవాటిలో బరువైనవాటినే ఎంచాలి. ఆడవి మగవాటికంటే కాస్త పెద్దవి, అదొక వెసులుబాటు.

బరువు తూచేటప్పుడు జరిగే పొరపాటు: దోయాంగ్‌లో అవి ఉసుళ్లు మేసి మేసి కొవ్వు పట్టి ఉంటాయి. ఆ బరువు చూసి శాతం కడితే బాగానే ఉంటుంది. సముద్రం దాటాక అదే పక్షి ఎముకలగూడు. ఈ తేడా బరువుకే కాదు, పట్టీ బిగువుకూ సమస్య. ఆ సంగతి పట్టీలు కుట్టేవాళ్లు చెప్పాలి. సూదిదారం గారూ, ఉన్నారా?

#6 సూదిదారం
ఉన్నానండీ. నా మాట ముందే చెప్పేస్తాను: ట్యాగులు మూగబోవడానికి ఎలక్ట్రానిక్స్‌ని తిట్టేవాళ్లు ముందు కుట్టు చూడాలి.

వాడేది టెఫ్లాన్ రిబ్బను. నీళ్లకు నానదు, ఈకలకు రాసుకుపోదు. చిన్న డేగలకు పావంగుళం వెడల్పు, రాబందుకైతే అర అంగుళం పైచిలుకు. వీపుసంచి పద్ధతిలో ట్యాగు ముందు భాగం నుంచి రెండు పట్టీలు మెడకు అటూ ఇటూ దిగి, రొమ్ము ఎముక మీద ఒకదాన్నొకటి దాటి, రెక్కల కిందుగా మళ్లీ వీపు మీదికి వచ్చి ట్యాగు వెనక రంధ్రాల్లో దూరతాయి. దాటే చోటు సరిగ్గా రొమ్ము ఎముక గట్టు మీద పడాలి. పైకి జరిగితే అన్నాశయం సంచిని నొక్కుతుంది, పక్కకు జరిగితే ఒక రెక్క కింద ఒరుసుకుని పుండు పడుతుంది.

దాటే చోట కుట్టు వేసేది నైలాన్‌తో కాదు, నూలు దారంతో. ఇది కావాలని పెట్టే బలహీనత. ఏళ్లు గడిచాక నూలు చీకి తెగితే పట్టీ మొత్తం ఒక్కసారిగా ఊడిపోవాలి. ఒకవైపే తెగి ట్యాగు పొట్ట కిందికి వేలాడిందంటే అంతకంటే ఘోరం లేదు. అందుకని నాలుగు పట్టీలూ ఆ ఒక్క కుట్టు మీదే ఆధారపడేలా కడతారు. ముడి మీద, రిబ్బను కొసల మీద ఒక్కో చుక్క సూపర్‌గ్లూ. జిగురు రిబ్బనులోకి పాకితే ఆ ముక్క గాజులా గట్టిపడి చర్మం కోస్తుంది, కాబట్టి టూత్‌పిక్ కొసతోనే.

బిగువు చూసే తీరు: ట్యాగు కింద చిన్న డేగకైతే పెన్సిలు, పెద్ద గద్దకైతే వేలు దూరాలి. తర్వాత రెండు రెక్కలూ పూర్తిగా చాపి చూడాలి, ఈకలన్నీ పట్టీ పైకి తీసి సర్దాలి, మళ్లీ చూడాలి. ఈకల మీదుగా బిగించిన పట్టీ, పక్షి నాలుగుసార్లు ముక్కుతో సర్దుకున్నాక వదులవుతుంది. వలకన్ను గారు అన్న కొవ్వు సమస్య ఇక్కడే. దోయాంగ్‌లో సరిగ్గా ఉన్న పట్టీ సోమాలియా చేరేసరికి లూజు. లూజు పట్టీలోకి రెక్క మణికట్టు జారితే ఆ పక్షి ఇక ఎగరదు. అలాగని బిగిస్తే మళ్లీ మేసినప్పుడు పిసుకుతుంది. కొవ్వు దట్టంగా ఉన్న పక్షిని వదిలేసి మధ్యస్తంగా ఉన్నదాన్ని ఎంచడమే మంచిదని నా ఉద్దేశం, తూకంలో ఒకట్రెండు గ్రాములు నష్టపోయినా సరే.

సోలార్ పలక మీదికి వీపు ఈకలు వాలితే చార్జింగ్ పోతుంది. కింద పల్చటి నియోప్రీన్ మెత్త అతికించి ట్యాగును కాస్త ఎత్తులో ఉంచుతారు. మరీ ఎత్తు పెడితే గాలికి అడ్డం.

#7 కోస్తా_కుర్రాడు
పట్టడం సంగతి ఎవరూ చెప్పట్లేదే. బాల్ ఛత్రీ అని ఏదో ఉందట, అది మన దేశపు బోనేనా?

#8 వలకన్ను
మన దగ్గరిదే. డేగల వేటగాళ్లు గుర్రం వెంట్రుకల ఉచ్చులు కట్టిన బోను అది. బాల్ అంటే వెంట్రుక, ఛత్రీ అంటే గొడుగు. 1959లో అమెరికాలో బెర్గర్, మ్యుల్లర్ అనే ఇద్దరు దీని మీద వ్యాసం రాశాక ప్రపంచమంతా ఇదే పేరుతో వాడుతోంది. దో గజా వల కూడా అంతే, రెండు గజాల వల అన్న మాటే పేరైంది.

కట్టడం: జల్లి తీగతో గుమ్మటం, లోపల చిట్టెలుక, పైన నలభై యాభై నైలాన్ ఉచ్చులు. తొండల్ని పట్టే చిన్న డేగలకు ఉచ్చు వెడల్పు నాలుగు సెంటీమీటర్ల చుట్టుపక్కల. ఉచ్చులు నిటారుగా నిలబడాలి, పడుకుంటే వేళ్లు చిక్కవు. పక్షి ఎలుక మీద వాలి తన్నులాడుతుంటే ఏదో ఒక వేలు చిక్కుతుంది. బోను తేలికైతే దాంతో సహా ఎగిరిపోయి తీగల మీద తలకిందులుగా వేలాడుతుంది, కాబట్టి కింద బరువు తప్పనిసరి. బోను పెట్టినవాడు దాని మీద నుంచి చూపు తిప్పకూడదు. నిమిషంలో అక్కడికి చేరగలిగే దూరంలోనే ఉండాలి, లేదంటే కుక్కో ఇంకో పెద్ద గద్దో ముందు చేరుతుంది.

అయితే అముర్ డేగకు ఇది పనికిరాదు. దాని తిండి ఎక్కువగా గాల్లో ఎగిరే పురుగులు, ఎలుక కోసం దిగదు. వేలకు వేలుగా గుంపుగా నిద్రించే చోట, రాకపోకల దారిలో ఎత్తుగా మిస్ట్ నెట్, అంటే కంటికి ఆనని సన్నటి దారాల వల, కడతారు. కన్ను 60 మిల్లీమీటర్ల దాకా ఉండాలి. పిచ్చుకల వల వాడితే తగిలి వెనక్కి ఎగిరిపోతుంది. వల మరీ బిగుతుగా లాగి కట్టినా అంతే. ఒక్కసారే పది పడితే తీసే చేతులు చాలవు, కాబట్టి మనుషుల్ని బట్టి వల తెరవాలి. విడదీసేటప్పుడు ముందు కాళ్లు దొరకబుచ్చుకోవాలి. ముక్కు గీరుతుందంతే, గోళ్లు దిగుతాయి. తలకు చిన్న కుళ్లాయి తొడిగితే క్షణంలో సద్దుమణుగుతుంది. నోరు తెరిచి ఎగశ్వాస పడుతుంటే పని ఆపి నీడలో గుడ్డసంచిలో ఉంచాలి. కొలతలు, ట్యాగు అన్నీ కలిపి అరగంట, ముప్పావుగంటకు మించనివ్వరు. రక్తం తీస్తే శరీర బరువులో ఒక శాతం లోపే.

#9 మోడరేటర్
బోను కొలతలు అడుగుతూ వ్యక్తిగత సందేశాలు పంపుతున్నవారికి: సరదాకి పట్టడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 12వ సెక్షన్ కింద శాస్త్ర పరిశోధన, విద్య లాంటి ప్రత్యేక అవసరాలకే అనుమతి ఉంటుంది, రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఇవ్వాలి. మొదటి షెడ్యూలు జీవులకు కేంద్రం ముందస్తు అనుమతి కూడా కావాలి. ఈ చర్చా దారంలో ఇంకా ఉచ్చు కొలతలు అడిగితే తొలగిస్తాను.

#10 ప్రాణహిత_ఒడ్డు
డేగల ముచ్చట అయింది గద, రాబందుల కాడికి రండి. ఇక్కడ లెక్కే వేరే ఉంటది. రాబందు ఐదారు కిలోలు తూగుతది, 50, 60 గ్రాముల ట్యాగు పెట్టినా 3 శాతంల శానా తక్కువ. దాంట్ల జీపీఎస్ ఉంటది, సిమ్ము ఉంటది. స్థానం పది ఇరవై మీటర్ల తేడాతోని తెలుస్తది, డేటా సెల్ టవర్ మీదికెళ్లి వస్తది. టవర్ లేని అడవిల ఉంటే మెమొరీల పెట్టుకొని, టవర్ దొరికినంక ఒక్కపాలి కుప్ప పోస్తది. అందుకే వారం పది రోజులు సప్పుడు లేకుంటే ఆగమాగం కావద్దు.

ట్యాగుల సిమ్ము ఏ నెట్‌వర్క్ మీద నడుస్తదో ముందుగాల్నే చూసుకోవాలె. 2జీ మీద నడిచేదాన్ని 2జీ మూసేసిన దేశానికి పోయే పక్షికి కడితే, పక్షి మంచిగనే ఉంటది, డేటానే రాదు. రోమింగు ఖర్చు గూడ ఉంటది. రష్యా వాళ్లు ట్యాగు కట్టిన మిన్ అనే స్టెప్పీ గద్ద 2019ల ఎండాకాలమంత కజకిస్తాన్‌ల సిగ్నల్ లేని జాగల ఉండి, సీదా ఇరాన్ పోయి పాత మెసేజులన్ని ఒక్కసారే పంపింది. ప్రాజెక్టు పైసలు ఖతం. జనంతోని చందాలు అడిగిన్రు, ఆఖరుకు మెగాఫోన్ అనే ఫోన్ కంపెనీనే బిల్లు మాఫీ చేసింది.

#11 యాగీ
ఆ గద్ద కథ ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది అన్నా. రాబందు చనిపోయిందని దూరం నుంచి ఎలా తేలుస్తారో కూడా చెప్పు, అసలు ఉపయోగం అక్కడే కదా.

#12 ప్రాణహిత_ఒడ్డు
మూడు సూచనలు కలవాలె తమ్మీ. చుక్కలన్ని ఒక్కకాడ్నే ఇరవై ముప్పై మీటర్లల్ల ముద్దగ పడుడు ఒకటి. కదలిక సెన్సార్ అంకె మారకుంట ఉండుడు రెండోది. ట్యాగు వేడి రాత్రి బయటి గాలితోని సమంగ పడిపోవుడు మూడోది. ఒక్క జీపీఎస్‌నే నమ్ముకుంటే మోసపోతం. గుడ్డు మీద కూసున్న రాబందు గూడ ఒక్క జాగల్నే ఉంటది, అయితె మెడ తిప్పుతది, లేస్తది, సెన్సార్ అంకె కొంచెం కొంచెం మారుతది.

చచ్చిందని తేలితే తెల్లారేసరికి మనిషి అక్కడ ఉండాలె. మే నెల ఎండల రెండు రోజులైతే పీనుగుల ఏం మిగలదు. చూసేది డైక్లోఫెనాక్ అనే నొప్పుల మందు కోసం. ఆ మందు పడ్డ పశువు పీనుగు తిన్న రాబందు రెండు మూడు రోజుల్ల కిడ్నీలు చెడి చస్తది. కోసి చూస్తే గుండె, కాలేయం మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పొర ఉంటది, అది యూరిక్ ఆమ్లం. కిడ్నీ, కాలేయం ముక్కలు వేరే వేరే సీసాలల్ల పెట్టి, చీటీ రాసి, మంచుల పెట్టి ల్యాబుకు పంపాలె. ఫార్మలిన్‌ల వేస్తే కణజాలం చూసుటానికే తప్ప మందు పరీక్షకు అక్కరకు రాదు. పశువులకు ఆ మందు 2006ల బందు పెట్టిన్రు, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్ 2023ల. అందుకని ఒక్క డైక్లోఫెనాక్ వెతుకుడు చాలదు, ఆ జాతి మందులన్నిటికి పరీక్ష చెయ్యమనాలె.

ట్యాగు లేకుంట గూడ శానా తెలుస్తది. మా ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిల పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు 2013ల బయటపడ్డయి. గుట్ట మీద తెల్లటి రెట్ట చారలు దూరంకెళ్లే కనబడ్తయి, గూడు జాగ అవే పట్టిస్తయి. ఎదురుంగ దూరం నుంచి స్పాటింగ్ స్కోప్ పెట్టి, గుట్ట ఫోటో మీద ఒక్కో గూటికి నంబరు రాసుకోవాలె. డిసెంబరుల పొదుగు, ఫిబ్రవరిల పిల్ల, ఏప్రిల్‌ల ఎగిరుడు, కనీసం మూడు పాలీలు పోవాలె. ఒక్కపాలి పోయి ‘ఇన్ని గూళ్లు’ అని రాస్తే అది లెక్క కాదు. ఏడాదికి ఒక్కటే గుడ్డు, ఎగిరిన పిల్లల లెక్కే అసలు లెక్క.

#13 రోళ్లపాడు_గడ్డి
నాదొక ఫిర్యాదు. ఈ వేదికలో ట్యాగులంటే నాలుగు పేజీలు నడుస్తాయి, ఉమ్మిన గుళికల (అరగని వెంట్రుకలు, ఎముకలు, పురుగు ముక్కలు ముద్దగా కక్కినవి) గురించి అడిగితే ఎవరూ పలకరు. ట్యాగు ‘ఎక్కడ’ అని చెబుతుంది. ఏం తిన్నదో గుళికే చెప్పాలి.

మన నంద్యాల జిల్లా రోళ్లపాడు సంగతే తీసుకోండి. 1988లో బట్టమేక పిట్ట కోసం పెట్టిన అభయారణ్యం. చలికాలంలో మధ్య ఆసియా నుంచి వచ్చే పిల్లిగద్దలు, అంటే హారియర్లు, అక్కడ గడ్డిలో నేల మీదే గుంపుగా పడుకుంటాయి. లెక్క ఇలా పెట్టాలి: సూర్యాస్తమయానికి గంటన్నర ముందే రెండు మూడు దిక్కుల్లో, పడక చోటుకు 200 మీటర్లకు తగ్గకుండా మనుషులు కూర్చోవాలి. గడియారాలు కలుపుకుని, ఎవరి దిక్కు వాళ్లే, బయటి నుంచి వచ్చినవాటినే రాయాలి. పైన చక్కర్లు కొట్టేవాటిని రాస్తే ఒక్కటే నాలుగైపోతుంది. ఆడవీ, పిల్లవీ గోధుమ రంగులో తోక మొదట తెల్ల పట్టీతో ఉంటాయి, సంజె వెలుగులో జాతి తేల్చడం వీలుకాదు. ‘రింగ్‌టెయిల్’ అని రాసి వదిలేయడమే నిజాయితీ.

ఉదయం అన్నీ లేచిపోయాక, ఎండెక్కాకే లోపలికి వెళ్లాలి. పడుకున్న చోట గడ్డి నలిగి పళ్లెమంత గుంట ఉంటుంది, పక్కనే బొటనవేలంత బూడిదరంగు గుళిక. కాగితం కవరులో వేసి తేదీ, చోటు రాయాలి. ప్లాస్టిక్‌లో వేస్తే రాత్రికల్లా బూజు. రెండు మూడు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బట్టపురుగులు చస్తాయి. లేదంటే అవి వెంట్రుకలన్నీ తినేసి పొడి మిగులుస్తాయి. మాస్కు పెట్టుకుని, నీళ్లలో ఒక్క చుక్క సబ్బు వేసి నానబెట్టి, టీ జల్లెడ మీద విడదీయాలి. మిడత దవడలు నల్లగా గట్టిగా మిగులుతాయి. కుడివీ ఎడమవీ వేరు చేసి, ఏ వైపు ఎక్కువుంటే అన్ని మిడతలు. ఎలుక వెంట్రుకను మైక్రోస్కోపు కింద, దాని పొలుసుల అచ్చును పల్చటి నెయిల్ పాలిష్ మీద తీసి చూస్తారు.

ఇక్కడో మోసం ఉంది. గుడ్లగూబ గుళికలో ఎముకలు చెక్కుచెదరకుండా వస్తాయి, గద్ద కడుపులో ఆమ్లం ఘాటు, ఎముకలు కరిగిపోతాయి. కాబట్టి ఎముకలే లెక్కపెడితే ‘ఎలుకల్ని తినదు, పురుగులే తింటుంది’ అన్న తప్పు జవాబొస్తుంది.

#14 సూదిదారం
నాలుగు పేజీల తప్పులో నా వాటా ఒప్పుకుంటున్నానండీ. గుళికలకి వేరే దారం మొదలుపెట్టండి, మొదటి ప్రశ్న నాదే: వెంట్రుకల నమూనా పుస్తకం లేకుండా ఎలుక జాతి ఎలా తేలుస్తారు?

#15 రోళ్లపాడు_గడ్డి
తేల్చరు. ఆ చుట్టుపక్కల దొరికే ఎలుకల వెంట్రుకలతో ముందు మీ సొంత స్లైడులు చేసుకోవాలి. వీపువీ పొట్టవీ వేరువేరుగా, ఎందుకంటే ఒకే ఎలుక మీద రెండూ ఒకేలా ఉండవు. మిగతాది కొత్త దారంలో.

#16 తూనీగ
నేను అడిగినదానికి పదింతలొచ్చింది. చివరిగా ఒకటి. మన ఊళ్లలో ఎవరికైనా ట్యాగో కాలి రింగో ఉన్న పక్షి దొరికితే ఏం చెయ్యాలి?

#17 యాగీ
పక్షి బతికుంటే రింగు తీయకండి. నంబరు రింగు చుట్టూ తిరిగి ఉంటుంది కాబట్టి మూడు వైపుల నుంచి ఫోటోలు తీయాలి, ఒక్క ఫోటోలో సగం అంకెలే పడతాయి. రింగు మీద సంస్థ పేరు కూడా ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీవి. తేదీ, ఊరు, ఎలా దొరికింది అన్నది కలిపి వాళ్లకూ అటవీశాఖకూ పంపండి.

పక్షి చనిపోయి ట్యాగు మిగిలితే దాన్ని బీరువాలో దాచకండి. చీకట్లో పెడితే బ్యాటరీ అయిపోయి పరిశోధకులకు చివరి చుక్క మీ ఇల్లు కాక అడవే అవుతుంది. అటవీశాఖ వాళ్లు వచ్చేదాకా సోలార్ పలక ఆకాశం వైపు పెట్టి, డాబా మీద ఎండలో ఉంచండి. యాంటెన్నా తీగ వంచొద్దు, ఇనుప రేకు మీద పెట్టొద్దు, కోతులకి అందనివ్వొద్దు.

#18 కోస్తా_కుర్రాడు
కోతుల మాట రాసింది సరదాకా, నిజంగానా?

#19 యాగీ
నిజంగానే. తీగ కనిపిస్తే కోతి కొరకకుండా వదలదు.